కళాశాలలో విమానచోదన విద్య

ఉన్నత పాఠశాలలో పై తరగతుల విద్యార్థులను "మీరేమి కావాలనుకుంటున్నారు?" అని అడిగితే, ప్రతి తరగతిలోను ఒకరిద్దరైనా "పైలట్" అని చెప్పేవారు ఉంటారు. ఆ మాట విన్న ఉపాధ్యాయుడు సాధారణముగా రెండు సలహాలు ఇస్తాడు. లెక్కలు బాగా చదవమనడము ఒకటి, ఇంజనీరింగులో చేరమనడము రెండవది. మొదటిది మంచి సలహాయే. రెండవది మాత్రము కొంచెము దారి తప్పినది. విమానాన్ని నిర్మించే విద్య వేరు, నడిపే విద్య వేరు. రెక్క ఎంత పొడవు ఉండవలెను, ఎంత బరువును ఓర్చుకొనగలదు అని లెక్కకట్టేది ఏరోనాటికల్ ఇంజనీరింగు. ఆ రెక్కను మేఘాల మధ్య నుండి, గాలివాన పక్క నుండి, ప్రయాణికులతో సహా నేలకు చేర్చేది విమానచోదన విద్య.

"నడపడము కూడా కళాశాలలో చదవవలసిన విద్యేనా? కారు నడపడానికి ఎవరూ డిగ్రీ అడగరు కదా!" అని తెలివిగల విద్యార్థి అడుగుతాడు. అడగవలసిన ప్రశ్నే. దీనికి సమాధానము అమెరికా కళాశాలలలో ఎనిమిది దశాబ్దాలకు పైగా జరిగిన అనుభవములో దొరుకుతుంది. ఆ దేశములో ఒక విద్యార్థి ఉదయము తరగతి గదిలో వాతావరణశాస్త్రము విని, మధ్యాహ్నము విశ్వవిద్యాలయము వారి విమానములోనే ఎక్కి, తాను విన్న మేఘాలను కళ్ళారా చూచి రావడము వింత కాదు.

ఈ పద్ధతి పెద్ద ఎత్తున మొదలయినది 1939లో. ఐరోపాలో యుద్ధము రాబోతున్నదని అందరికీ తెలిసిన రోజులవి. 1938 డిసెంబరులో అధ్యక్షుడు రూజ్వెల్టు పౌర పైలట్ శిక్షణ పథకాన్ని ప్రకటించాడు. మరుసటి సంవత్సరము 13 కళాశాలలలో, 330 మంది విద్యార్థులతో దానిని ప్రయోగించి చూచారు. 1944లో ముగిసే నాటికి ఆ పథకము వేయికి పైగా విద్యాసంస్థలకు వ్యాపించి, సుమారు 4,35,000 మందికి శిక్షణ ఇచ్చినది. కళాశాల 72 గంటల పాఠము చెప్పేది. దగ్గరలోని విమానాశ్రయములో శిక్షకుడు 35 నుండి 50 గంటలు ఆకాశములో నేర్పేవాడు. ఒహైయో రాష్ట్రములోని మస్కింగమ్ కళాశాలలో చదువుతున్న జాన్ గ్లెన్ అనే యువకుడు 1941లో ఈ పథకము కిందనే లైసెన్సు సంపాదించాడు. ఆ శిక్షణ ఆయన చదువులో భౌతికశాస్త్ర పాఠముగా లెక్కకు వచ్చినది. 1962లో భూమిని చుట్టివచ్చిన మొదటి అమెరికన్ ఆయనే.

అదే పథకములో చేరిన మరొక సంస్థ అలబామా రాష్ట్రములోని టస్కీగీ విద్యాలయము. అది నల్లజాతివారి కళాశాల. విమానము నడపడానికి కావలసిన తెలివి, ధైర్యము నల్లజాతివారికి పుట్టుకతోనే లేవని 1925లో అమెరికా సైన్యపు యుద్ధ కళాశాల ఒక నివేదికలో వ్రాసుకొన్నది. ఆ అభిప్రాయమే చాలా కాలము సైన్యపు విధానముగా నడిచినది. 1940లో టస్కీగీ మొదటి తరగతి విద్యార్థులు, దేశమంతటికీ ఒకటే అయిన ప్రభుత్వ వ్రాతపరీక్షకు కూర్చుని, అందరూ ఉత్తీర్ణులయినారు. వారికి తరువాత ముఖ్య శిక్షకుడుగా వచ్చిన చార్లెస్ ఆండర్సన్, తనకు నేర్పడానికి ఎవరూ ముందుకు రానందున తానే ఒక విమానము కొనుక్కుని నేర్చుకొన్న మనిషి. 1941 మార్చిలో అధ్యక్షుని భార్య ఎలినార్ రూజ్వెల్టు టస్కీగీకి వచ్చి, చుట్టూ ఉన్నవారు వారిస్తున్నా వినకుండా ఆయన విమానములో ఎక్కి తిరిగివచ్చింది. 1946 నాటికి టస్కీగీలో సైనిక పైలట్లుగా తయారయినవారి సంఖ్య 992. ఎగరడము పుట్టుకతో వచ్చే గుణమా, నేర్చుకుంటే వచ్చే విద్యా అనే వాదము ఆ విధముగా ఒక కళాశాలలో ఒకవైపు నుండి పరిష్కారమయినది. రెండవ వైపు నుండి అది ఎట్లా తేలిందో ముందు చూస్తాము.

ముందుగా విద్యార్థి దినచర్య కొంచెము తెలుసుకుందాము. విమానాల దగ్గరకు పోగానే అతడు చేసే మొదటి పని ఎగరడము కాదు, చుట్టూ తిరిగి చూడడము. రెక్క అంచులు, చక్రాలు, చుక్కాని, నూనె, అన్నీ చేతితో తాకి చూడవలెను. తరువాత పెట్రోలు ట్యాంకు అడుగునుండి కొంచెము ఇంధనము ఒక గాజులాంటి గొట్టములోకి తీసి వెలుతురుకు ఎత్తి చూస్తాడు. చిన్న విమానాలలో విరివిగా వాడే పెట్రోలుకు నీలిరంగు కలుపుతారు. రాత్రి చలికి ట్యాంకులో తేమ నీరుగా మారి ఉంటే, అది బరువు కనుక అడుగున రంగులేని బొట్టుగా నిలుస్తుంది. సాంద్రతను గురించిన ఈ పాఠము మనము ఎనిమిదవ తరగతిలో చెప్పేదే. ఆ బొట్టును చూడకుండా పైకి లేస్తే ఇంజను ఎక్కడ ఆగుతుందో చెప్పలేము.

ఎగిరిన ప్రతి నిమిషమూ ఒక పుస్తకములో వ్రాయబడుతుంది. గంటలో పదవ వంతు వరకు లెక్కపెట్టి, శిక్షకుడు సంతకము చేస్తాడు. కొన్ని గంటలయిన తరువాత ఒకనాడు శిక్షకుడు మాటల మధ్యలోనే తలుపు తీసి దిగిపోయి, "మూడుసార్లు ఎగిరి మూడుసార్లు దిగు" అని చెప్పి నేలపై నిలబడతాడు. ఒక మనిషి బరువు తగ్గినందున విమానము ఆనాడు అలవాటుకు మించి చురుకుగా లేస్తుంది. ఒంటరిగా తిరిగివచ్చిన విద్యార్థి చొక్కా వెనుక అంచును కత్తిరించి, తేదీ వ్రాసి గోడకు తగిలించడము అక్కడి ఆచారము. పూర్వము శిక్షకుడు వెనుక సీటులో కూర్చుని, మాట వినబడని హోరులో శిష్యుని చొక్కా పట్టి లాగి హెచ్చరించేవాడట. ఇక ఆ లాగుడు అవసరము లేదని దాని అర్థము. చొక్కా మంచిదైతే ఇంటివద్ద తల్లి ఏమంటుందో ఆ ఆచారము పెట్టినవారు ఆలోచించినట్లు లేదు!

చెయ్యి చేసే తప్పు

ఒంటరిగా పంపించే ముందు శిక్షకుడు తప్పక నేర్పేది స్టాల్ అనే పాఠము. ఇక్కడనుండియే విమానవిద్య కారు నడపడమునుండి విడిపోతుంది.

రెక్క గాలిని కొంచెము ఏటవాలుగా ఎదుర్కొంటుంది. ఆ ఏటవాలును ఎదురుకోణము అందాము. రెక్క గాలిని కిందికి మళ్ళిస్తుంది. దానికి ప్రతిచర్యగా రెక్క పైకి నెట్టబడుతుంది. కోణము పెంచినకొద్దీ ఈ పైకెత్తు బలము పెరుగుతుంది. కాని ఎంతవరకు? సాధారణమైన రెక్కకు సుమారు 15, 16 డిగ్రీల వరకే. అంతవరకు రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకుని జారుతూ వచ్చిన గాలి, ఆ కోణము దాటగానే ఇక వంపు తిరగలేక విడిపోయి సుడులుగా చెదరిపోతుంది. పైకెత్తు బలము ఒక్కసారిగా తగ్గి, విమానపు ముక్కు కిందికి వాలుతుంది. దీనినే స్టాల్ అంటారు. మోటారు కారు ఇంజను ఆగిపోయినప్పుడు మనము వాడే ఆ మాటకూ దీనికీ సంబంధము లేదు. ఇంజను నిండు శక్తితో తిరుగుతున్నప్పుడు కూడా స్టాల్ రావచ్చును.

ముక్కు కిందికి వాలగానే, నేల ఎదురుగా కనబడగానే, మనిషి చెయ్యి ఏమి చేస్తుంది? చేతికర్రను వెనుకకు లాగుతుంది. ముక్కు పైకి ఎత్తవలెనని శరీరమంతా అరుస్తుంది. కాని వెనుకకు లాగితే ఎదురుకోణము ఇంకా పెరుగుతుంది, విడిపోయిన గాలి అతుక్కోదు, విమానము ఇంకా వేగముగా పడుతుంది. చేయవలసినది దీనికి సరిగ్గా వ్యతిరేకము. పడుతున్న విమానపు ముక్కును ఇంకా కిందికి నెట్టవలెను. కోణము తగ్గగానే గాలి మరల రెక్కను అంటుకుంటుంది. అప్పుడు మెల్లగా పైకి లేపవచ్చును. దీనిని నల్లబల్లపై బొమ్మ వేసి చూపితే పది నిమిషాలలో అర్థమవుతుంది. చేతికి అర్థమవడానికి మాత్రము, వేయి మీటర్ల ఎత్తున, పక్కన శిక్షకుడు ఉండగా, మరల మరల చేయవలసి వస్తుంది.

ఇందులో ఒక మెలిక ఉన్నది. స్టాల్ ఒక వేగము దగ్గర వస్తుందని విద్యార్థులు మొదట అనుకుంటారు. నిజానికి అది కోణమునకు సంబంధించినది. ఒక చిన్న విమానము తిన్నగా పోతూ గంటకు 90 కిలోమీటర్ల వద్ద స్టాల్ అవుతుందనుకుందాము. అదే విమానము 60 డిగ్రీలు పక్కకు వాలి, ఎత్తు తగ్గకుండా మలుపు తిరుగుతున్నది. వాలిన రెక్కల బలము కూడా వాలే ఉంటుంది కనుక, అందులో నిలువు భాగము మాత్రమే బరువును మోస్తుంది. 60 డిగ్రీల కొసైను విలువ సగము. కాబట్టి రెక్కలు మామూలుకు రెట్టింపు బలము ఇవ్వవలెను. బలము వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది కనుక, స్టాల్ వేగము రెండు యొక్క వర్గమూలము చొప్పున పెరిగి సుమారు 127 కిలోమీటర్లు అవుతుంది. దిగడానికి వస్తూ, రన్‌వే దాటిపోతున్నానని తొందరపడి, తక్కువ ఎత్తులో మలుపును బిగించిన విద్యార్థి తన వేగమాపకములో 110 చూచి నిశ్చింతగా ఉండవచ్చును. ఆ నిశ్చింతలోనే ప్రాణము పోయినవారు ఎందరో ఉన్నారు. త్రికోణమితి ఎందుకు చదవవలెనని అడిగే పిల్లలకు ఉపాధ్యాయులు ఈ లెక్క ఇవ్వవచ్చును.

చెవి చెప్పే అబద్ధము

ఇల్లినాయ్ విశ్వవిద్యాలయము రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన 1945లోనే తన సొంత విమానాశ్రయాన్ని తెరచి, విమానయాన సంస్థను స్థాపించినది. అక్కడ విద్యార్థులకు ఎగరడము నేర్పడముతో ఆగలేదు. మనిషి ఎట్లా ఎగరడము నేర్చుకుంటాడు, ఎక్కడ తప్పుతాడు అనేది పరిశోధించడానికి 1946లో ఒక మనస్తత్త్వశాస్త్ర ప్రయోగశాలను కూడా పెట్టారు. పైలట్ల శిక్షణ కళాశాలలో ఉండడమువల్ల కలిగే లాభము ఇదే. శిక్షణ ఇచ్చే క్లబ్బుకు తన విద్యార్థి ఎందుకు తప్పు చేశాడో కనుక్కోవడానికి తీరిక ఉండదు. విశ్వవిద్యాలయానికి అదే పని.

1954లో ఆ సంస్థకు చెందిన బ్రయన్, స్టోన్‌సైఫర్, ఆరన్ అనే ముగ్గురు ఒక ప్రయోగ ఫలితాలను ప్రకటించారు. చూపును నమ్ముకుని ఎగరడము మాత్రమే తెలిసిన, పరికరాలను చూచి ఎగరడములో అనుభవము లేని 20 మంది పైలట్లను తీసుకున్నారు. ఒక్కొక్కరినీ విమానములో పైకి తీసుకుపోయి, మేఘములో ప్రవేశించినట్లు, బయటిది ఏమీ కనబడకుండా చేశారు. ఎదుట ఉన్న పరికరాలు కనబడుతూనే ఉన్నవి. పక్కన శిక్షకుడు ఉన్నాడు కనుక ప్రమాదము లేదు. ఇక నడపమన్నారు.

20 మందిలో ఒక్కరు కూడా నిలబడలేదు. 19 మంది సుడితిరుగుతూ నేలవైపు దూసుకుపోయే స్థితిలో పడ్డారు. ఒకడు ముక్కును విపరీతముగా పైకెత్తి స్టాల్‌లో పడ్డాడు. అందరికన్నా ముందు తప్పినవాడు 20 సెకండ్లలోనే తప్పాడు. అందరికన్నా ఎక్కువసేపు నిలిచినవానికి 480 సెకండ్లు పట్టినది. సగటు 178 సెకండ్లు, అనగా మూడు నిమిషాలకు రెండు సెకండ్లు తక్కువ. ఈ సంఖ్య ఆనాటి నుండి పైలట్లకు కంఠస్థమయినది.

వారు తెలివిలేనివారు కారు, భయస్థులు కారు. వారిని మోసగించినది వారి చెవి.

మన లోచెవిలో శబ్దముతో పనిలేని భాగము ఒకటి ఉన్నది. ఒకదానికొకటి లంబముగా అమరిన మూడు అర్ధవర్తుల కుల్యలలో ద్రవము నిండి ఉంటుంది. తల తిరిగినప్పుడు కుల్య తలతోపాటు తిరుగుతుంది, ద్రవము మాత్రము జడత్వముచేత వెనుకబడుతుంది. ఆ తేడా అక్కడి మెత్తని తెరను వంచి, "తిరుగుతున్నావు" అని మెదడుకు వార్త పంపుతుంది. నేలపై నడిచే ప్రాణికి ఇది అద్భుతమైన ఏర్పాటు. మనము ఏ వైపుకయినా కొన్ని క్షణాలే తిరుగుతాము కదా. కాని ఒకే వేగముతో తిరగడము కొనసాగితే, పది ఇరవై సెకండ్లలో ద్రవము కూడా కుల్యతో సమానముగా తిరగడము మొదలుపెడుతుంది. తేడా పోతుంది, తెర నిటారుగా నిలుస్తుంది. తిరుగుతూనే ఉన్న మనిషికి, ఆగిపోయినట్లు తోస్తుంది. ఇక తిరగడము నిజముగా ఆపితే, ద్రవము ఇంకా ముందుకు పోతూ తెరను రెండవ వైపు వంచుతుంది. ఆగి ఉన్న మనిషికి ఎదురుదిశలో తిరుగుతున్నట్లు తోస్తుంది. అంతేకాక, సెకండుకు సుమారు రెండు డిగ్రీలకన్నా మెల్లగా మొదలయిన తిరుగుడును చెవి అసలు కనిపెట్టదు. ఇది రోగము కాదు. ఆరోగ్యవంతమైన చెవి చేసే పనే ఇది.

దీనిని తరగతిలో చూపవచ్చును. తిరిగే కుర్చీ లేక స్టూలు ఒకటి కావలెను. ఒక విద్యార్థిని కూర్చోబెట్టి, కళ్ళకు గంతకట్టి, బొటనవ్రేలితో తాను తిరిగే దిక్కు చూపుతూ ఉండమనండి. ఇద్దరు అటూ ఇటూ నిలబడి పడిపోకుండా కాచుకోవలెను. మూడు సెకండ్లకు ఒక చుట్టు చొప్పున, కుదుపు లేకుండా ఒకే వేగముతో తిప్పండి. మాట్లాడితే శబ్దమునుబట్టి దిక్కు తెలుస్తుంది కనుక అందరూ నిశ్శబ్దముగా ఉండవలెను. కొంతసేపటికి బొటనవ్రేలు నిటారుగా లేస్తుంది. తాను ఆగినాననుకుంటున్నాడన్నమాట. అప్పుడు మెల్లగా ఆపితే వ్రేలు రెండవ వైపుకు వాలుతుంది. తరగతి నవ్వుతుంది. గంత విప్పగానే ఆ పిల్లవాని ముఖములో కనబడే ఆశ్చర్యము ఎన్ని బొమ్మలు వేసి చెప్పినా రాదు. కడుపులో తిప్పే అలవాటు ఉన్నవారిని కూర్చోబెట్టవద్దు, ఒకరినే పదేపదే తిప్పవద్దు.

"చెవి మోసపోయినా ఒంటి బరువు చెప్పదా? పక్కకు వాలితే పక్కకు జారినట్లు తెలియదా?" అని ఎవరైనా అడగవచ్చును. దీనికి ఒక చిన్న లెక్క చాలును. విమానము సెకండుకు 50 మీటర్ల వేగముతో పోతూ, సెకండుకు 3 డిగ్రీల చొప్పున మలుపు తిరుగుతున్నదనుకుందాము. అనగా రెండు నిమిషాలకు ఒక పూర్తి చుట్టు. సరిగా తిరిగే విమానములో వాలు కోణపు టాంజెంటు, వేగాన్ని కోణవేగముతో గుణించి గురుత్వత్వరణముతో భాగిస్తే వస్తుంది. 3 డిగ్రీలు 0.0524 రేడియన్లు. కాబట్టి 50ని 0.0524తో గుణించి 9.8తో భాగిస్తే 0.267. వాలు కోణము 15 డిగ్రీలు. ఆ వాలులో మనిషిపై పనిచేసే మొత్తము బలము సరిగ్గా సీటులోనికే దిగుతుంది, పక్కకు పోదు. గ్లాసులో నీరు కూడా తొణకదు. ఆ బలము ఎంత? బరువును 15 డిగ్రీల కొసైనుతో భాగించగా వచ్చేది. 60 కిలోల మనిషి 62 కిలోలు తూగుతాడు. ఆ రెండు కిలోల తేడాను ఎవరు కనిపెడతారు? రెండు నిమిషాలకు ఒక చుట్టు తిరుగుతున్న మనిషికి, తిన్నగా పోతున్నట్లే ఉంటుంది.

ఇక ఆ 19 మంది ఎట్లా పడిపోయారో ఊహించవచ్చును. ఒక రెక్క మెల్లగా, చెవికి అందనంత మెల్లగా వాలుతుంది. వాలిన రెక్కల బలములో నిలువు భాగము తగ్గినందున ముక్కు దిగుతుంది, వేగము పెరుగుతుంది, గాలి హోరు ఎక్కువవుతుంది. ఎత్తు తగ్గుతున్నదని పరికరము చెబుతుంది. తాను తిన్నగానే ఉన్నాననుకునే పైలట్ చేతికర్రను లాగుతాడు. కాని రెక్కలు వాలి ఉండగా లాగితే విమానము పైకి లేవదు, మలుపు ఇంకా బిగుస్తుంది. లాగినకొద్దీ సుడి బిగుస్తుంది, వేగము పెరుగుతుంది, చివరకు నేలయినా తగులుతుంది, రెక్కలయినా విరుగుతవి. మొదట రెక్కలను సమము చేసి, ఆ తరువాత లాగవలెను. ఈ వరుసక్రమము తెలియకపోవడమే చావు. 1999 జూలైలో అధ్యక్షుడు కెన్నెడీ కుమారుడు, రాత్రివేళ, పొగమంచు కమ్మిన సముద్రముపై తన విమానములో భార్యతోను, ఆమె సోదరితోను కూలిపోయినప్పుడు, పరిశోధకులు తేల్చిన కారణము దిక్కుతోచని ఈ స్థితియే.

టస్కీగీ దగ్గర ఆపిన మాట ఇక్కడ పూర్తి చేయవచ్చును. ఎగరడానికి కావలసినది పుట్టుకతో వస్తుందని, అది కొందరికే ఉంటుందని వాదించినవారు ఉన్నారు. మేఘములో పుట్టుకతో వచ్చినదంతా ఎవరిలోనైనా ఒకటే విధముగా అబద్ధము చెబుతుందని ఇల్లినాయ్ ప్రయోగము చూపినది.

ఆ ప్రయోగము ఓటమితో ముగియలేదు. దాని పేరే "180 డిగ్రీల మలుపు ప్రయోగము". పొరపాటున మేఘములో చిక్కినవాడు వెనుకకు మరలి, వచ్చిన దారినే బయటపడడానికి సులభమైన పద్ధతిని కనుక్కోవడమే దాని అసలు ఉద్దేశము. ఆ పద్ధతిలో మొదటి మెట్టు చాలా చిత్రమైనది. చేతులు చేతికర్రమీదనుండి తీసివేయవలెను! మంచి విమానము తనంతట తాను చాలావరకు నిలకడగా పోగలదు. దానిని చెడగొట్టేది భయపడిన చెయ్యి. తరువాత చక్రాలు దించి, ఇంజను శక్తి తగ్గించి, విమానము మెల్లగా పోయేట్టు సర్ది, మలుపు చూపే పరికరాన్ని చూస్తూ కాళ్ళతో చుక్కానిని మాత్రము తొక్కి మెల్లగా వెనుకకు తిప్పవలెను. కొద్ది గంటల శిక్షణ తరువాత, మొదట మూడు నిమిషాలు నిలవలేకపోయినవారే దాదాపు ప్రతిసారీ సురక్షితముగా మరలివచ్చారు. నేడు అమెరికాలో సొంతానికి చిన్న విమానము నడుపుకునే లైసెన్సుకు కూడా కనీసము మూడు గంటలు పరికరాలను మాత్రమే చూచి ఎగరడము నేర్వవలెను. ఆ గంటలలో విద్యార్థి నుదుటికి టోపీవంటి ముసుగు పెట్టి, కిటికీ కనబడకుండా చేస్తారు. "ఇప్పుడు ఎటు వాలి ఉన్నాము?" అని శిక్షకుడు అడుగుతాడు. విద్యార్థి ఒంటిని నమ్మి చెప్పి, పరికరము చూచి సిగ్గుపడతాడు. అట్లా కొన్నిసార్లు సిగ్గుపడడమే ఆ పాఠము.

గంటలా, చదువా?

కళాశాల చదువుకు ఎంత విలువ కట్టవలెనో చట్టమే చెప్పవలసిన సందర్భము 2009లో వచ్చినది. ఆ సంవత్సరము ఫిబ్రవరి 12 రాత్రి, న్యూయార్కు రాష్ట్రములోని బఫలో నగరములో దిగబోతున్న ప్రయాణికుల విమానము ఒకటి వేగము తగ్గి స్టాల్‌కు చేరువయినది. చేతికర్రను గడగడ వణికించి హెచ్చరించే యంత్రము పనిచేసినది. పైలట్ చేతికర్రను ముందుకు నెట్టవలసినది, వెనుకకు లాగాడు. విమానములోని 49 మంది, కూలిన ఇంటిలోని ఒకరు మరణించారు. మొదటి పది గంటలలో నేర్పే పాఠము ఒక అనుభవజ్ఞుని చేతినుండి ఆ క్షణములో జారిపోయినది.

ఆ దుర్ఘటన తరువాత 2010లో వచ్చిన చట్టమునుబట్టి, 2013నుండి ప్రయాణికుల విమానసంస్థలో చేరే సహపైలట్‌కు కూడా 1500 గంటల అనుభవము ఉండవలెనని నియమము ఏర్పడినది. అందులోనే ఒక మినహాయింపు ఉన్నది. గుర్తింపు పొందిన కళాశాలలో విమానయానము ముఖ్యవిషయముగా, నిర్ణీత పాఠ్యాంశాలతో నాలుగేండ్ల డిగ్రీ చదివి, అక్కడనే శిక్షణ పొందినవానికి 1000 గంటలు చాలును. రెండేండ్ల డిగ్రీ అయితే 1250. అనగా తరగతి గదిలో కూర్చున్న కాలము ఆకాశములోని 500 గంటలకు సరితూగుతుందని చట్టము ఒప్పుకొన్నది. ఈ 1500 అనే సంఖ్యపై అక్కడ ఇప్పటికీ వాదోపవాదాలు జరుగుతున్నవి. బఫలో విమానములోని ఇద్దరు పైలట్లకూ అప్పటికే అంతకుమించిన గంటలు ఉన్నవనేది ఒక పక్షమువారి మాట. మాకు ఆ మాట గట్టిదే అనిపిస్తుంది. గంటలు పెంచినదానికన్నా, విమానసంస్థల పైలట్లందరూ సిమ్యులేటరులో పూర్తి స్టాల్‌ను ఎదుర్కొని ఎదురుకోణము తగ్గించడాన్ని అభ్యసించవలెనని తరువాత వచ్చిన నియమము అసలు లోపాన్ని ముట్టుకున్నది.

డిగ్రీ చేతికి వచ్చే నాటికి విద్యార్థి ఎగిరినది సాధారణముగా రెండు మూడు వందల గంటలే ఉంటుంది. మిగిలినవి ఎట్లా సంపాదించవలెను? ఎక్కువమంది శిక్షకుల లైసెన్సు తీసుకుని తమ కళాశాలలోనే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు నేర్పుతారు. నార్త్ డకోటా విశ్వవిద్యాలయములో 1968లో రెండు విమానాలతో మొదలయిన విమానయాన శాఖ నేడు వందకు పైగా విమానాలతో నడుస్తున్నది. అటువంటి చోట శిక్షకుడు తన శిష్యునికన్నా రెండు మూడేండ్లు మాత్రమే పెద్దవాడై ఉండడము మామూలు. ఇతరుల చెయ్యి తప్పు చేయడము వందలసార్లు చూచినవాని చెయ్యి ఆ తప్పు సులభముగా చేయదు. బోధన చేసేవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

మన దేశములో ఏర్పాటు వేరుగా ఉన్నది. వాణిజ్య పైలట్ లైసెన్సుకు డిగ్రీ అవసరము లేదు. పౌరవిమానయాన డైరెక్టరేటు గుర్తించిన శిక్షణ సంస్థలో 200 గంటలు ఎగిరి, విమానమార్గ నిర్ణయము, వాతావరణశాస్త్రము, విమానయాన నిబంధనలు, సాంకేతిక విషయాలు మొదలయిన వ్రాతపరీక్షలలో నెగ్గవలెను. అంతకుముందే వైద్యపరీక్ష ఉంటుంది. ఖర్చు చాలా ఎక్కువ కనుక, డబ్బు కట్టకముందే వైద్యపరీక్ష చేయించుకొనడము తెలివైన పని. హైదరాబాదులోని బేగంపేట విమానాశ్రయము 1930లలో ఏరోక్లబ్బుతోనే మొదలయినది. ఎన్.సి.సి. వైమానిక విభాగము ఉన్న ఉన్నత పాఠశాలలు, కళాశాలలు తెలుగునాట కూడా ఉన్నవి. ఆ విభాగములో ఎంపికయిన కేడెట్లకు తేలికపాటి విమానములో శిక్షకుని పక్కన కూర్చుని ఎగిరే అవకాశము దొరుకుతుంది.

ఇల్లినాయ్ విశ్వవిద్యాలయము 2014లో విమాన శిక్షణను విరమించుకొన్నది. ఆ ఊరిలోనే ఉన్న పార్క్‌ల్యాండ్ కళాశాల దానిని చేపట్టి, అదే విమానాశ్రయమునుండి విద్యార్థులను ఎగిరిస్తూ వచ్చినది.